సెమినరీలో లెక్చరర్లకి మనం వేసే మార్కులు: ఫారం మార్చమన్నారు, సలహాలు కావాలి

దోమలగూడ_తమ్ముడు | బుధవారం రాత్రి 9:48

అందరికీ వందనాలు. నేను హైదరాబాద్‌లో ఒక సెమినరీలో (పాస్టర్లకి చదువు చెప్పే కాలేజీ) బీడీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, మూడో సంవత్సరం చదువుతున్నాను, క్లాస్ లీడర్‌ని. కాలేజీ పేరు అడగొద్దు, చెప్పను.

ప్రతి సెమిస్టర్ చివర్లో మాకు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తారు. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా చుట్టాలి. ఇచ్చేది హాల్‌టికెట్ల రోజు. ఫారం చేతిలో పెడితేనే హాల్‌టికెట్ చేతికొస్తుంది. వెనక క్యూలో ఇరవై మంది, ముందు ఆఫీసు అంకుల్ పెన్నుతో బల్ల మీద కొడుతుంటాడు. అందరం పై నుంచి కిందికి 4, 4, 4 చుట్టేసి వచ్చేస్తాం. పోయినసారి రెండు నెలలు సెలవులో ఉన్న సార్‌కి కూడా సమయపాలనలో 4 వచ్చింది. అది చూసే ప్రిన్సిపాల్ గారికి ఒళ్ళు మండింది. నన్ను పిలిచి, వచ్చే శుక్రవారానికి మీరే ఒక కొత్త ఫారం రాసుకురండి అన్నారు.

నా తలనొప్పి రెండు విషయాల్లో. మా క్లాసులో ఉన్నది పదకొండు మందిమి, పేరు రాయకపోయినా చేతిరాత పట్టేస్తారు. రెండోది, మాలో లూథరన్, బాప్టిస్ట్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), మెథడిస్ట్, ఇద్దరు పెంతెకొస్తు వాళ్ళు ఉన్నారు. సిద్ధాంతం నచ్చని సార్‌కి మార్కులు తగ్గించేవాళ్ళు ఉంటారు. అది పాఠానికి వేసిన మార్కా, మతశాఖకి వేసిన మార్కా ఎలా తెలుస్తుంది?

పాతబోర్డింగ్ | బుధవారం రాత్రి 10:30

బాబూ, రిటైరైన పాస్టర్‌ని. సూటిగా చెప్తున్నా, ఏమీ అనుకోకు. గురువుకి మార్కులేయడం నాకు మింగుడుపడదు. మా కాలంలో సార్ గది ముందు చెప్పులు విడిచి నిలబడేవాళ్ళం. మత్తయి 18లో ప్రభువు ఏమన్నాడు? నీ సహోదరుడిలో తప్పు కనిపిస్తే ముందు ఒంటరిగా వెళ్ళి అతనితోనే చెప్పు అన్నాడు. పేరు లేని కాగితం మీద రాసి డబ్బాలో పడెయ్యమనలేదు.

రాత్రిబడి | బుధవారం రాత్రి 11:12

అయ్యగారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సాయంత్రం క్లాసుల్లో ఎం.డివ్ (మాస్టర్ ఆఫ్ డివినిటీ) చదువుతున్నాను. మత్తయి 18 ఇద్దరు సహోదరుల మధ్య మాట. నాకు ఇంటర్నల్ మార్కులు వేసేవాడు, రేపు నన్ను పాస్టర్‌గా అభిషేకించడం గురించి డయాసిస్ (బిషప్ పరిధిలోని సంఘాలు) వాళ్ళు అడిగితే "కుర్రాడు ఎలాంటివాడు" అని చెప్పేవాడు నాకు సమానమైన సహోదరుడు కాదు కదా. ఒంటరిగా వెళ్ళి "సార్, మీ నోట్సు 1990ల నాటిది" అనే ధైర్యం మాలో ఎవరికుంది?

బెరయ ఊరి వాళ్ళని చూడండి. అపొస్తలుల కార్యములు 17లో పౌలు చెప్పినదాన్ని కూడా ప్రతిరోజూ లేఖనాలు తీసి సరిచూశారు. ఆ పుస్తకం రాసిన లూకా వాళ్ళని మెచ్చుకున్నాడే గానీ పొగరుబోతులు అనలేదు.

పాతబోర్డింగ్ | గురువారం ఉదయం 6:05

బెరయ వాళ్ళు సరిచూసింది బోధ సత్యమా కాదా అని. పౌలు సమయపాలనకి ఐదుకి ఎన్ని అని కాదు.

రాత్రిబడి | గురువారం ఉదయం 8:40

😀 ఒప్పుకున్నా అయ్యగారూ. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే ఐతుకు అనే కుర్రాడు కిటికీలోంచి నిద్రలో పడిపోయాడు. సమయపాలన గురించి అతన్ని అడగాల్సింది.

రెండోపీరియడ్ | గురువారం మధ్యాహ్నం 1:20

నేను బల్లకి అవతలి వైపు మనిషిని. పాత నిబంధన చెప్తాను. కాలేజీ పేరు నేనూ చెప్పను.

తమ్ముడు అడిగిన రెండో ప్రశ్న నా సొంత గాయం. పంచకాండాలు (బైబిల్లో మొదటి ఐదు పుస్తకాలు) కోర్సులో మూలాధారాల సిద్ధాంతం, అంటే ఆ పుస్తకాలు వేర్వేరు మూలాల నుంచి కూర్చినవనే వాదం, చెప్పక తప్పదు. 19వ శతాబ్దంలో జర్మనీలో వెల్‌హౌజన్ దానికి ఒక రూపం ఇచ్చాడు, ఈ రోజు పాత నిబంధన పండితుల్లోనే దాన్ని ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ అది తెలియకుండా ఏ వ్యాఖ్యానమూ చదవలేరు. నేను బోర్డు మీద రెండే విషయాలు రాస్తాను. ఆదికాండం మొదటి అధ్యాయంలో సృష్టికర్తను ఏలోహీం (హీబ్రూలో దేవుడు) అన్నారు, రెండో అధ్యాయంలో యెహోవా అనే పేరు వచ్చి చేరింది. జలప్రళయంలో ఆరో అధ్యాయంలో జంతువులు రెండేసి, ఏడో అధ్యాయంలో పవిత్రమైనవి ఏడేసి. ఇది ఎందుకిలా ఉంది, మీరే చెప్పండి అంటాను. క్లాసు వేడెక్కుతుంది. ఒకతను లేచి వెళ్ళిపోయాడు కూడా.

ఆ సెమిస్టర్ ఫారాల్లో ఆరు 5లు, ఒక 1 వచ్చాయి. ఒకటి ఇచ్చినవాడు వ్యాఖ్యల చోట "ఈ సార్ మా విశ్వాసాన్ని పోగొడుతున్నారు" అని రాశాడు. మీటింగులో ఆ ఒక్క వాక్యమే చదివారు. తర్వాతి ఏడాది నేను ఆ భాగాన్ని మూడు క్లాసుల నుంచి ఒక క్లాసుకి కుదించాను. భయంతోనే. ఆ బ్యాచ్ వాళ్ళు ఎం.టి.హెచ్ (మాస్టర్ ఆఫ్ థియాలజీ) ఎంట్రన్సులో అదే ప్రశ్న వచ్చి తడబడ్డామని నాకే ఫోన్ చేశారు.

కాబట్టి ఫారం రాసేటప్పుడు "సార్ చెప్పింది మీకు సమ్మతమా" అనే వాసన వచ్చే ప్రశ్న ఒక్కటి కూడా ఉండనివ్వకు. "మీరు ఒప్పుకోని వాదాన్ని కూడా, అది నమ్మేవాళ్ళు ఒప్పుకునేంత న్యాయంగా వివరించారా?" అని అడుగు. పసిపిల్లలకి బాప్తిస్మం ఒప్పుకోని బాప్టిస్ట్ కుర్రాడు శిశు బాప్తిస్మం పాఠానికి నిజాయితీగా జవాబు చెప్పగలిగే ప్రశ్న అదొక్కటే.

లెక్కలమాస్టారు | గురువారం సాయంత్రం 5:55

క్రైస్తవుణ్ణి కాదు, డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. సాహిత్యం చర్చల కోసం వచ్చి ఇక్కడ ఇరుక్కున్నాను, క్షమించాలి.

రెండోపీరియడ్ గారి లెక్కే చూడండి. ఆరు 5లు, ఒక 1. మొత్తం 31, ఏడుతో భాగిస్తే 4.43. పక్క సెక్షన్‌లో ఒకాయనకి అందరూ కళ్ళు మూసుకుని 4, 5 కలిపి వేస్తే 4.5 వస్తుంది. ఆఫీసు షీట్‌లో ఆయన పైన, ఈయన కింద. మధ్యగతం, అంటే మార్కుల్ని వరసలో పెడితే నడిమి అంకె, తీసుకుంటే ఈయనది 5. ఏడుగురు, పదకొండు మంది ఉన్న క్లాసులో సగటు అనేదాన్ని ఒక్క కోపిష్టి మోసుకుపోతాడు. మీ ఫారంలో అంకెలు ఉంచేట్టయితే సగటు రాయొద్దు, ఎంతమంది ఎంతేశారో అలాగే చూపించండి.

ఇంకోటి. మంచి మార్కులు వచ్చిన లెక్చరర్ దగ్గర పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారని అందరం అనుకుంటాం. ఉట్ల్, ఇంకో ఇద్దరు పరిశోధకులు 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి మళ్ళీ లెక్కగట్టి, రెండింటికీ సంబంధం కనిపించడం లేదని తేల్చారు. అంతకుముందు 1970లలో అమెరికాలో ఒక సరదా ప్రయోగం జరిగింది. ఒక నటుడికి డాక్టర్ ఫాక్స్ అని పేరు పెట్టి, అర్థంపర్థం లేని ఉపన్యాసం బట్టీ పట్టించి, డాక్టర్లు, మానసిక నిపుణుల ముందు నిలబెట్టారు. హావభావాలు, జోకులు బ్రహ్మాండం, విషయం సున్నా. విన్నవాళ్ళు బాగుందనే మార్కులేశారు.

రాత్రిబడి | గురువారం సాయంత్రం 6:20

మాస్టారూ, మా దగ్గర ఇది రెట్టింపు ప్రమాదం. మా లెక్చరర్లలో సగం మంది కన్వెన్షన్ స్పీకర్లు. మైకు పట్టుకుంటే వేలమందిని ఏడిపించగలరు. క్రీస్తు శాస్త్రం క్లాసులో క్రీస్తు దేవుడూ మనిషీ కూడా అని తేల్చిన 451 నాటి కల్సెదోను సభ గురించి చెప్పాల్సింది పోయి, గంటసేపు సాక్ష్యం (తన సొంత విశ్వాస అనుభవం) చెప్పినా మేం కళ్ళు తుడుచుకుని 5 వేసి వస్తాం. పరీక్షలో "రెండు స్వభావాలు, ఒకే వ్యక్తి" వివరించమంటే అప్పుడు ఏడుస్తాం, ఈసారి నిజంగా.

అంచుచీర | గురువారం రాత్రి 10:02

ఎం.టి.హెచ్ పూర్తి చేసి రెండేళ్ళుగా క్రొత్త నిబంధన చెప్తున్నాను. నా ఐడీ ఎందుకిలా ఉందో చెప్తే ఈ చర్చకి పనికొస్తుంది. నా మొదటి సెమిస్టర్ ఫీడ్‌బ్యాక్‌లో వచ్చిన మొదటి వ్యాఖ్య: "మేడమ్ కట్టే చీరల అంచులు మరీ పెద్దవి, శ్రద్ధ చెదురుతోంది." రోమా పత్రిక (రోమా సంఘానికి పౌలు రాసిన ఉత్తరం) మీద పన్నెండు వారాలు చెప్పాను. దాని గురించి ఒక్క ముక్క లేదు.

మాస్టారికి తెలిసే ఉంటుంది, 2015లో అమెరికాలో ఒక ఆన్‌లైన్ కోర్సులో ఇద్దరు బోధకుల పేర్లు తారుమారు చేసి చూశారు. మగపేరు కనిపించిన చోట పిల్లలు ఎక్కువ మార్కులేశారు. తెర వెనక మనిషి ఎవరైనా సరే. సీఎస్ఐలో 2013లో నంద్యాల డయాసిస్‌కి పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, మా క్లాసులో అందరూ ఆ మాట గర్వంగా చెప్పుకుంటారు. ఫారం దగ్గరికొచ్చేసరికి చీర అంచే కనిపిస్తుంది.

తమ్ముడూ, "ఇతర వ్యాఖ్యలు" అనే ఖాళీ గడి తీసెయ్. ఖాళీ ఇస్తే అందులో ఏది పడితే అది వచ్చి చేరుతుంది. ప్రశ్న ఇరుకుగా అడిగితే జవాబు పాఠం మీద నిలబడుతుంది.

పాతబోర్డింగ్ | శుక్రవారం ఉదయం 5:50

అమ్మా, చదివి సిగ్గేసింది.

మౌనవ్రతం | శుక్రవారం ఉదయం 11:15

క్యాథలిక్ సెమినరీలో ఆరేళ్ళుండి బయటకొచ్చినవాణ్ణి. మా దగ్గర మూల్యాంకనం ప్రధానంగా అటు నుంచి ఇటే. 1992లో పోప్ రెండో జాన్ పాల్ ఇచ్చిన పత్రం ప్రకారం మానవీయ, ఆధ్యాత్మిక, మేధో, కాపరి సేవ అని నాలుగు వైపులా మమ్మల్ని చూస్తారు. ఏటేటా ఫాదర్లు కూర్చుని ఇతన్ని ముందుకి పంపాలా, ఒక ఏడాది ఆపాలా అని తేలుస్తారు. అదే ఫాదర్లు చెప్పే తత్వశాస్త్రం క్లాసు ఎలా ఉందని మమ్మల్ని అడిగితే ఏం రాస్తాం? "చాలా బాగుంది ఫాదర్." నేనూ అదే రాశాను. ఆ క్లాసులో నాకు అర్థమైంది అక్వైనాస్ అనే తత్వవేత్త పేరొక్కటే.

ఫారం సంగతి తర్వాత, అది ఎవరి చేతికి వెళ్తుందో ముందు తేల్చుకోండి.

దోమలగూడ_తమ్ముడు | శుక్రవారం రాత్రి 9:30

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఒక సందేహం. మా వాళ్ళు కొందరు "ఇదంతా న్యాక్ కోసమేగా" అంటున్నారు, అదే, కాలేజీల నాణ్యత చూసే సంస్థ. నిజమేనా?

రెండోపీరియడ్ | శుక్రవారం రాత్రి 10:10

డిగ్రీ కాలేజీలకి న్యాక్ 2017లో తన పద్ధతి మార్చి విద్యార్థుల సంతృప్తి సర్వే పెట్టింది, అక్కడి నుంచి ఈ మాట పాకింది. మన బీడీ దారి వేరు. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ పెట్టిన సెరంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్, దాని మీద 1918 నాటి చట్టం, ఆ సెనేట్ ఇచ్చే డిగ్రీ ఇది. ఎం.డివ్ చెప్పే కాలేజీల్లో చాలావాటికి ఏషియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉంటుంది. ఎవరు తనిఖీకి వచ్చినా ఫైల్లో కాగితాలు ఉండాలి, అది నిజం. నీ ఫారం ఫైలు కోసం కాకుండా రాయి, ఫైలు దానంతటదే నిండుతుంది.

పాతబోర్డింగ్ | శనివారం ఉదయం 6:15

రాత్రి నిద్రపట్టక ఒకటి గుర్తొచ్చింది. రాయాలా వద్దా అనుకున్నాను.

మాకూ ఒకసారి ఫారంలాంటిది ఇచ్చారు. చివరి ఏడాది, సైక్లోస్టైల్ కాగితం. గ్రీకు చెప్పే సార్ మహా కఠినుడు. రోజూ ఉదయం క్లాసు మొదలవగానే క్రియారూపాలు అప్పజెప్పాలి, ఒక్కటి తప్పితే నిలబెట్టేవాడు. నల్లగొండ పల్లెల్లో తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళం. ఇంగ్లీషే అంతంతమాత్రం, ఆ ఇంగ్లీషులోంచి గ్రీకు. అన్నిటికంటే ఆర్టికల్ (ఇంగ్లీషులో the లాంటిది) అనేది బుర్రకెక్కేది కాదు, మన భాషలో అది లేనే లేదు కదా. ఆయన మాత్రం ఆర్టికల్ ఉన్నచోటా లేనిచోటా గుండ్రంగా గీయించి గీయించి చంపేవాడు. ఆ కాగితం మీద "ఈ సబ్జెక్టు సంఘానికి ఏ విధంగానూ ఉపయోగపడదు" అని రాశాను. సంతకం కూడా పెట్టాను.

ఏడెనిమిదేళ్ళ తర్వాత ఒక పల్లె సంఘంలో ఉన్నాను. ఇంటింటికీ తిరిగి పత్రికలు పంచేవాళ్ళు వచ్చి, మా సంఘపెద్ద ఇంట్లో కూర్చుని యోహాను 1:1 తీశారు. "వాక్యము దేవుడై యుండెను" అన్నది తప్పు, గ్రీకులో అక్కడ ఆర్టికల్ లేదు, కాబట్టి వాక్యం "ఒక దేవుడు" మాత్రమే అన్నారు. సంఘపెద్ద నా మొహం చూశాడు. ఇల్లంతా నా మొహమే చూస్తోంది.

పెట్టెలోంచి పాత గ్రీకు క్రొత్త నిబంధన తీశాను. థెయోస్ (దేవుడు) ఎన్ (ఉండెను) హో లోగోస్ (వాక్యము). ఆ "హో" లోగోస్ మీద ఉంది కాబట్టి కర్త అదే, థెయోస్ క్రియకి ముందొచ్చి ఆర్టికల్ వదిలేసింది. సరే, ఆర్టికల్ లేకపోతే "ఒక దేవుడు" అనాలంటారా? అదే అధ్యాయం ఆరో వచనం చూడండి, దేవుని యొద్దనుండి పంపబడిన యోహాను. అక్కడా ఆర్టికల్ లేదు. పద్దెనిమిదిలో, ఎవడును ఎప్పుడైనను దేవుని చూడలేదు. అక్కడా లేదు. మరి అక్కడ "ఒక దేవుడు" అని ఎందుకు రాసుకోలేదు? వాళ్ళు మళ్ళీ వస్తామని వెళ్ళారు. రాలేదు.

ఆ రాత్రి సార్‌కి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. అప్పటికే ఆయన పోయి ఏడాదైంది.

కౌన్సెలింగ్ సార్‌కి మేమంతా అప్పుడు ఫుల్ మార్కులేశాం. క్లాసులో నాటకాలు వేయించేవాడు, నవ్వించేవాడు. నేను చేసిన మొదటి భూస్థాపన ఒక మూడేళ్ళ బిడ్డది. తల్లి ముందు నిలబడితే ఆ నాటకాల్లో ఒక్క మాట కూడా గుర్తుకు రాలేదు.

నేను గురువుకి మార్కులు వద్దన్నది గౌరవం వల్లే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే, అప్పుడు నేను వేసిన మార్కులు రెండూ తప్పు అని కూడా అనిపిస్తోంది.

రాత్రిబడి | శనివారం ఉదయం 9:00

అయ్యగారూ, ఏం రాయాలో తెలియడం లేదు. వందనాలు.

అంచుచీర | శనివారం ఉదయం 9:25

అయ్యగారు చెప్పినదాంట్లో ఒకటి పట్టుకుందాం. సెమిస్టర్ చివర్లో విద్యార్థికి తెలిసేది కొంతే. "ఇది ఉపయోగపడుతుందా" అని అప్పుడు అడగడమే తప్పు, వాళ్ళింకా సంఘం చూడలేదు. ఆ ప్రశ్న ఐదారేళ్ళు పరిచర్య చేసినవాళ్ళని అడగాలి. క్లాసులో ఉన్నవాళ్ళకి తెలిసేది వేరే: ఏ రోజు దారి తప్పారు, నోట్సు వినబడిందా, అసైన్‌మెంట్ దిద్ది ఎన్నాళ్ళకి ఇచ్చారు. అదే అడుగు. అది కూడా సెమిస్టర్ మధ్యలో, ఆరో వారంలో. చివర్లో అడిగితే బాగుపడేది తర్వాతి బ్యాచ్. రాసినవాడికి ఏం మిగులుతుంది?

రెండోపీరియడ్ | శనివారం ఉదయం 11:40

నా గ్రీకు సార్ కూడా అలాంటివాడే అయ్యగారూ, కానీ ఒక చిక్కు ఉంది. "అప్పుడు తిట్టారు, తర్వాత దండం పెడతారు" అనే మాటని మా స్టాఫ్‌రూములో బద్ధకస్తులు కూడా వాడుకుంటారు. ఇరవై ఏళ్ళ నాటి పసుపు కాగితాలు చదివి డిక్టేషన్ ఇచ్చేవాడు కూడా "నా విలువ వాళ్ళకి తర్వాత తెలుస్తుంది" అంటాడు. కఠినంగా చెప్పడం, చెప్పకపోవడం ఒకటి కాదు.

పాతబోర్డింగ్ | శనివారం మధ్యాహ్నం 12:05

అలాంటివాళ్ళు మా కాలంలోనూ ఉన్నారు. వాళ్ళకి ఉత్తరం రాయాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

దోమలగూడ_తమ్ముడు | ఆదివారం రాత్రి 8:50

ఫీల్డ్‌వర్క్ చర్చి నుంచి ఇప్పుడే వచ్చాను. బస్సులో రాసుకున్న డ్రాఫ్ట్ ఇది. ఆరో వారంలో అర కాగితం స్లిప్పు, అంకెలు లేవు:

ఇప్పటిదాకా ఏ క్లాసు దగ్గర మీకు అందలేదు? ఎక్కడి నుంచి?
మీరు ఒప్పుకోని వాదాన్ని న్యాయంగా వివరించిన సందర్భం, లేదా వివరించని సందర్భం ఒకటి రాయండి.
రాసిచ్చిన పని దిద్ది తిరిగి ఇచ్చారా? ఏం నేర్చుకున్నారు?
మీరు ఈ కోర్సుకి క్లాసు బయట వారానికి ఎన్ని గంటలు చదివారు?

చివరిది మా వాళ్ళకి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. అయినా ఉంచాను.

పాత ఫారంలో "అభ్యసన ఫలితాలు కోర్సు ఆరంభంలో స్పష్టీకరించబడినవా" అని తెలుగులో ఉండేది. ఇంగ్లీషు ఫారం అర్థం కాక తెలుగు తీసుకున్నవాళ్ళు, తెలుగు అర్థం కాక మళ్ళీ ఇంగ్లీషు తీసుకునేవాళ్ళు.

లెక్కలమాస్టారు | ఆదివారం రాత్రి 9:15

నాలుగో ప్రశ్న అస్సలు తియ్యొద్దు. సున్నా గంటలు చదివి "అందలేదు" అన్నవాడి మాటని, పది గంటలు చదివి అన్నవాడి మాటని మీ సార్ వేరుగా చూడాలి కదా.

మౌనవ్రతం | ఆదివారం రాత్రి 9:40

ఎవరి చేతికి?

దోమలగూడ_తమ్ముడు | ఆదివారం రాత్రి 9:52

స్లిప్పులు ముందు నాకే వస్తాయి. చేతిరాత తెలియకుండా అన్నీ టైప్ చేసి, క్రమం మార్చి, నేరుగా ఆ లెక్చరర్‌కి ఇస్తాను. ఆఫీసుకి కాదు. వారంలోపు ఆయన క్లాసులో పది నిమిషాలు దీని మీద మాట్లాడాలి. ఇది మార్చను అనుకుంటే ఎందుకు మార్చనో చెప్పినా చాలు.

మౌనవ్రతం | ఆదివారం రాత్రి 10:01

అంటే అందరి రాతా నీకు తెలుస్తుంది. నీది ఎవరికి తెలుస్తుంది?

దోమలగూడ_తమ్ముడు | ఆదివారం రాత్రి 10:20

ఇది ఆలోచించలేదు అన్నా. జూనియర్ క్లాస్ లీడర్‌తో మార్చుకుంటాం. మావి వాళ్ళు, వాళ్ళవి మేము టైప్ చేస్తాం.

దోమలగూడ_తమ్ముడు | శుక్రవారం సాయంత్రం 6:35

ఈ రోజు మీటింగ్ అయింది. పాత 22 ప్రశ్నలు పోలేదు, తనిఖీ ఫైలుకి కావాలన్నారు. కానీ హాల్‌టికెట్ రోజు నుంచి వారం ముందుకి జరిపారు, సగటు తీయడం మానేస్తామన్నారు. స్లిప్పులకి ఇద్దరు లెక్చరర్లు ఒప్పుకున్నారు. ఒకరు సంఘ చరిత్ర మేడమ్. రెండోవారు హీబ్రూ సార్, ఆయన ఒప్పుకుంటారని ఎవరూ అనుకోలేదు. "కుడి నుంచి ఎడమకి చదవడంలో ఉర్దూ వచ్చిన మీ పాతబస్తీ కుర్రాడు తప్ప అందరూ మొదటి వారమే తప్పిపోయారని నాకు తెలుసు, ఏ అక్షరం దగ్గరో రాసివ్వండి" అన్నారు.

పాత విద్యార్థులకి ఉత్తరం రాసి అడిగే విషయం కూడా ఎత్తాను. చిరునామాలు ఉన్నవాళ్ళతో మొదలుపెట్టమన్నారు.

పాతబోర్డింగ్ | శుక్రవారం రాత్రి 7:10

నా చిరునామా కావాలంటే విడిగా మెసేజ్ పెడతాను బాబూ. కాగితం కాస్త పెద్దది పంపించు, నా అక్షరాలు ఇప్పుడు లావయ్యాయి.